పైథాన్‌లో ఘాతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక సంఖ్యను దానితోనే కొన్నిసార్లు గుణించడం ఏడో తరగతి లెక్క. అదే లెక్కను పైథాన్‌లో చేయబోతే మైనస్ గుర్తు దగ్గర, మూలాల దగ్గర, మరీ పెద్ద సంఖ్యల దగ్గర జవాబులు అనుకున్నట్టు రావు. వీటిలో చాలావాటికి కారణం ఒకటే. మీరు ఇచ్చింది పూర్ణ సంఖ్యా, దశాంశ సంఖ్యా అన్నదాన్ని బట్టి పైథాన్ వేర్వేరు దారుల్లో లెక్క చేస్తుంది. ఇక్కడి జవాబులన్నీ పైథాన్ 3కి సంబంధించినవి. ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో రాశాను, మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఉదాహరణకు పౌ అంటే పీ, ఓ, డబ్ల్యూ.

పైథాన్‌లో ఘాతాన్ని ఎలా రాయాలి?

రెండు నక్షత్రం గుర్తులు, మధ్యలో ఖాళీ లేకుండా. ఎడమవైపు భూమి, కుడివైపు ఘాతాంకం.

2 ** 10 → 1024
7 ** 2 → 49
10 ** 6 → 1000000

గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలడం మీ ఇష్టం. కానీ రెండు నక్షత్రాల మధ్య ఖాళీ పెడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఒక వేరియబుల్‌లో ఉన్న విలువనే ఘాతానికి పెంచి మళ్లీ అందులోనే ఉంచాలంటే **= వాడండి. ఈ రెండు నక్షత్రాల గుర్తు పైథాన్ కనిపెట్టింది కాదు. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్‌లోనే ఇది ఉంది.

2 ^ 3 అని రాస్తే 8 రావాలి కదా, 1 ఎందుకు వస్తోంది?

ఎక్సెల్‌లోనూ బేసిక్‌లోనూ ఆ టోపీ గుర్తుకు ఘాతం అనే అర్థం. పైథాన్‌లో దాని పని వేరు. అది రెండు సంఖ్యల బిట్లను పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో అక్కడ 1, లేనిచోట 0 వేస్తుంది. దీన్ని ఎక్స్‌ఆర్ అంటారు. బైనరీలో 2 అంటే 10, 3 అంటే 11. చివరి బిట్ ఒక్కటే తేడా, అందుకే జవాబు 1. అలాగే 10 ^ 2 అని రాస్తే 100కు బదులు 8 వస్తుంది.

ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు. ఎక్సెల్ ఫార్ములాలను పైథాన్‌లోకి మార్చేటప్పుడు ముందు ఈ గుర్తు ఎక్కడెక్కడ ఉందో వెతకండి. దశాంశ సంఖ్యలైతే నయం. 2.0 ^ 3 అంటే పైథాన్ వెంటనే టైప్ ఎర్రర్ ఇస్తుంది.

-2 ** 2 అంటే -4 వస్తోంది. ఇది పైథాన్‌లో లోపమా?

లోపం కాదు. ఎడమవైపున్న మైనస్ గుర్తు కంటే ఘాతానికి ప్రాధాన్యం ఎక్కువ. ముందు 2 ** 2 లెక్కకట్టి 4 తెచ్చి, ఆ తర్వాత మైనస్ పెడుతుంది. గణిత పుస్తకాల్లోనూ పద్ధతి ఇదే. రుణ సంఖ్యనే వర్గం చేయాలంటే బ్రాకెట్లు పెట్టాలి.

(-2) ** 2 → 4

కుడివైపు మైనస్ ఉంటే మాత్రం ఈ ఇబ్బంది లేదు. 2 ** -1 అంటే 0.5 వస్తుంది, బ్రాకెట్ అక్కర్లేదు. వేరియబుల్‌లో -2 ఉంచి దాన్ని వర్గం చేసినా 4 వస్తుంది, ఎందుకంటే అక్కడ మైనస్ విలువలోనే కలిసిపోయి ఉంటుంది.

ఎక్సెల్ ఇక్కడ కూడా వేరు దారి. అందులో =-2^2 అంటే 4. జావాస్క్రిప్ట్ అయితే -2 ** 2 అని రాస్తే ఒప్పుకోనే ఒప్పుకోదు, బ్రాకెట్ పెట్టేదాకా సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. చదివేవాళ్లకు అనుమానం మిగల్చని ఆ పద్ధతే నాకు నచ్చుతుంది. పైథాన్‌లో బలవంతం లేకపోయినా బ్రాకెట్ పెట్టే అలవాటు చేసుకోండి.

2 ** 3 ** 2 అంటే 64 రావాలా, 512 రావాలా?

512. కూడికలు, గుణకారాలు ఎడమ నుంచి కుడికి జరుగుతాయి. ఘాతాలు మాత్రం కుడి నుంచి ఎడమకు. ముందు 3 ** 2 = 9, ఆ తర్వాత 2 ** 9 = 512. మీకు 64 కావాలంటే (2 ** 3) ** 2 అని రాయండి. ఎక్సెల్‌లో =2^3^2 అంటే 64 వస్తుంది కాబట్టి రెండూ వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

ఇదే కారణంగా 9 ** 9 ** 9 అని సరదాకి కూడా టైప్ చేయకండి. అది 9 ** 387420489 అవుతుంది. జవాబులో 36 కోట్ల 96 లక్షలకు పైగా అంకెలుంటాయి, మీ కంప్యూటర్ చాలాసేపు ఆ పనిలోనే ఉండిపోతుంది.

జవాబు ఒక్కోసారి 8 అని, ఒక్కోసారి 8.0 అని వస్తోంది. దేన్ని బట్టి?

పేజీ మొత్తంలో బాగా గుర్తుపెట్టుకోవాల్సిన జవాబు ఇదే. పైథాన్‌లో పూర్ణ సంఖ్యల రకం ఇంట్, దశాంశ సంఖ్యల రకం ఫ్లోట్.

రెండూ ఇంట్ అయి, ఘాతాంకం సున్నా గానీ అంతకంటే పెద్దది గానీ అయితే జవాబు ఇంట్. అది ఎంత పెద్దదైనా ప్రతి అంకె నిజమే. రెండింటిలో ఒక్కటి ఫ్లోట్ అయినా జవాబు ఫ్లోట్, అంటే 2 ** 3.0 → 8.0. రెండూ ఇంట్ అయినా ఘాతాంకం రుణ సంఖ్య అయితే మళ్లీ ఫ్లోటే, 10 ** -2 → 0.01.

ఫ్లోట్‌లోకి వెళ్లాక ఖచ్చితత్వం పోతుంది. సుమారు 15 నుంచి 17 అంకెల వరకే నమ్మకం. 1.1 ** 2 అడిగితే 1.21కి బదులు 1.2100000000000002 కనిపిస్తుంది. 1.1 అనే సంఖ్య బైనరీలో పూర్తిగా ఇమడదు, వర్గం చేసేసరికి ఆ చిన్న తేడా బయటపడుతుంది. భిన్నాలను భిన్నాలుగానే ఉంచాలనుకుంటే ఫ్రాక్షన్స్ మాడ్యూల్ ఉంది. అందులో 2/3 వర్గం చేస్తే సరిగ్గా 4/9 వస్తుంది, రుణ ఘాతాంకం ఇచ్చినా భిన్నంగానే ఉంటుంది.

ఎంత పెద్ద ఘాతం వరకు లెక్క చేయగలం?

ఇంట్‌కు నిర్ణీత హద్దు లేదు, మెమరీ ఎంత ఉంటే అంత. సీ, జావా లాంటి భాషల్లో 64 బిట్ల పూర్ణ సంఖ్య 2 ** 63 దగ్గర ఆగిపోతుంది. పైథాన్‌లో 2 ** 100 అడిగితే 1267650600228229401496703205376 అని పూర్తిగా ఇస్తుంది.

ఫ్లోట్‌కు హద్దు ఉంది, సుమారు 1.797 × 10 ** 308. అందుకే 10 ** 309 నిక్షేపంగా వస్తుంది, 10.0 ** 309 మాత్రం ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇస్తుంది. తేడా అంతా ఆ ఒక్క చుక్కా సున్నాలోనే ఉంది. రెండో దిక్కున హెచ్చరిక కూడా రాదు. 10 ** -400 అడిగితే మరీ చిన్నదైపోయి 0.0 అని వచ్చేస్తుంది. ఆ సున్నాతో తర్వాత దేన్నైనా భాగిస్తే అప్పుడు బయటపడుతుంది సమస్య.

2 ** 20000 లెక్క అయింది గానీ ప్రింట్ చేయబోతే వాల్యూ ఎర్రర్ వస్తోంది?

లెక్కలో తప్పేమీ లేదు. ఆ సంఖ్యలో 6021 అంకెలున్నాయి. పైథాన్ 3.11 నుంచి, 4300 అంకెలు దాటిన ఇంట్‌ను దశాంశ అంకెల స్ట్రింగ్‌గా మార్చడానికి డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. అప్పటికి వాడుకలో ఉన్న పాత వెర్షన్లకూ సెక్యూరిటీ అప్‌డేట్‌గా ఇదే మార్పు వచ్చింది. పెద్ద సంఖ్యను అంకెలుగా మార్చే పని, అంకెలు రెట్టింపైతే సుమారు నాలుగు రెట్ల సమయం తీసుకుంటుంది. వెబ్‌సైట్‌కు ఎవరైనా కావాలని లక్షల అంకెల సంఖ్య పంపి సర్వర్‌ను కదలకుండా చేయగలరు. అందుకే ఆ కట్టడి.

మీ సొంత ప్రోగ్రామ్‌లో నిజంగా అన్ని అంకెలూ చూడాలంటే సిస్ మాడ్యూల్‌లో ఈ హద్దును పెంచే ఫంక్షన్ ఉంది. దాని పేరు సెట్, ఇంట్, మ్యాక్స్, ఎస్‌టీఆర్, డిజిట్స్ అనే ఐదు మాటలు అండర్‌స్కోర్లతో కలిపితే వస్తుంది. బయటివాళ్లు పంపే సంఖ్యలు చదివే ప్రోగ్రామ్‌లో మాత్రం దాన్ని ముట్టుకోకండి.

రెండు నక్షత్రాలు, పౌ, మ్యాథ్ మాడ్యూల్‌లోని పౌ: ఈ మూడింటికీ తేడా ఏమిటి?

మామూలు పౌ(2, 10) అంటే 2 ** 10 లాంటిదే. కాకపోతే దానికి మూడో విలువ కూడా ఇవ్వచ్చు, దాని సంగతి కింద ఉంది. మ్యాథ్ మాడ్యూల్‌లోని పౌ వేరే జాతి. మీరు ఏం ఇచ్చినా ముందు ఫ్లోట్‌గా మార్చుకుంటుంది, జవాబూ ఫ్లోట్‌గానే ఇస్తుంది. నష్టం ఎక్కడో చూడండి.

3 ** 40 → 12157665459056928801

ఇదే లెక్కను మ్యాథ్ పౌతో చేసి ఇంట్‌గా మారిస్తే 12157665459056928768 వస్తుంది. 33 తేడా. శాస్త్రీయ లెక్కల్లో ఇది పట్టించుకోవాల్సిన తేడా కాకపోవచ్చు, కానీ చివరి అంకె ఎంత అని అడిగే పరీక్షలో జవాబు తప్పు. పూర్ణ సంఖ్యలతో పని ఉన్నప్పుడు మ్యాథ్ పౌ జోలికి వెళ్లకండి.

వర్గమూలానికి ** 0.5 వాడొచ్చా? 64 ఘనమూలం 4 ఎందుకు రావడం లేదు?

వాడొచ్చు. 16 ** 0.5 → 4.0. కానీ మ్యాథ్ మాడ్యూల్‌లోని స్క్వేర్‌రూట్ (ఎస్‌క్యూఆర్‌టీ) ఫంక్షన్ చదవడానికి స్పష్టంగా ఉంటుంది.

పెద్ద పూర్ణ సంఖ్యలతో రెండూ మోసం చేస్తాయి. 100000000000000001ని వర్గం చేసి, ఆ జవాబుకు ** 0.5 పెడితే మొదటి సంఖ్య తిరిగి రాదు, చివరి 1 పోతుంది. 2 ** 53 దాటాక ఫ్లోట్‌లో ప్రతి పూర్ణ సంఖ్యకూ చోటు ఉండదు మరి. పైథాన్ 3.8లో వచ్చిన ఐస్క్వేర్‌రూట్ (ఐఎస్‌క్యూఆర్‌టీ) పూర్ణ సంఖ్యల్లోనే లెక్క చేస్తుంది, పూర్ణ వర్గమా కాదా తేల్చాలంటే అదే సరైన దారి.

ఘనమూలం సంగతికి వస్తే, 64 ** (1/3) అంటే 3.9999999999999996 వస్తుంది. ఎందుకంటే 1/3 అనేది ఫ్లోట్‌లో సరిగ్గా మూడో వంతు కాదు, దానికి రవ్వంత తక్కువ. దాన్ని ఇంట్‌గా మారిస్తే 3 అయిపోతుంది! ఇంట్‌గా మార్చే ముందు రౌండ్ చేయండి. పైథాన్ 3.11 నుంచి ఘనమూలానికే విడిగా సీబీఆర్‌టీ అనే ఫంక్షన్ మ్యాథ్ మాడ్యూల్‌లో ఉంది. అలాగే 64 ** 1/3 అని బ్రాకెట్లు లేకుండా రాసేవాళ్లు చాలామంది. అది 64ను 3తో భాగించడమే అవుతుంది.

-8కి ఘనమూలం అడిగితే జె అనే అక్షరంతో ఏదో వస్తోంది. -2 రావాలి కదా?

(-8) ** (1/3) అంటే సుమారు 1 + 1.732జె వస్తుంది. అది సంకీర్ణ సంఖ్య. ఇంటర్‌లో మనం ఐ అని రాసేదాన్ని పైథాన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల పద్ధతిలో జె అని రాస్తుంది. -8కి ఘనమూలాలు మూడున్నాయి, వాటిలో ప్రధాన మూలంగా లెక్కకొచ్చేది ఈ సంకీర్ణ సంఖ్య. కాబట్టి పైథాన్ జవాబు తప్పు కాదు, మీకు కావాల్సిన మూలం అది కాదు, అంతే. వాస్తవ మూలం కావాలంటే పైన చెప్పిన సీబీఆర్‌టీ వాడండి, అది -2.0 ఇస్తుంది. మ్యాథ్ పౌకు సంకీర్ణ సంఖ్యలు తెలియవు, ఇదే లెక్క ఇస్తే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది.

0 ** 0 ఎంత?

1. ఫ్లోట్ అయితే 1.0. బహుపదుల్లో, సంచయాల లెక్కల్లో ఇలా అనుకుంటేనే సూత్రాలు నడుస్తాయి. 0 ** -1 మాత్రం సున్నాతో భాగించడమే కాబట్టి జీరో డివిజన్ ఎర్రర్.

చక్రవడ్డీ లెక్క ఎలా రాయాలి?

మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం. లక్ష రూపాయలు మూడేళ్లకు తీసుకుంటే:

అసలు = 100000
నెలలు = 36
అసలు * (1 + 2/100) ** నెలలు

ఈ మూడు లైన్లూ ఇలాగే తెలుగులో టైప్ చేస్తే నడుస్తాయి. పైథాన్ 3 వేరియబుల్ పేర్లకు తెలుగు అక్షరాలు ఒప్పుకుంటుంది. జవాబు సుమారు 2,03,989 రూపాయలు. బారువడ్డీ అయితే 1,72,000 దగ్గర ఆగేది. అంటే నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడితే మూడేళ్లలో అప్పు రెట్టింపు దాటుతుంది. ఏడాదికి చూస్తే 1.02 ** 12 = 1.2682..., అంటే 24 శాతం అనుకున్నది నిజానికి 26.82 శాతం. అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు ఎవరైనా ఈ ఒక్క లైన్ లెక్క వేసుకోవాలని నా కోరిక.

బ్రాకెట్ మర్చిపోతే ఇక్కడ మళ్లీ దెబ్బ. అసలు * 1 + 2/100 ** నెలలు అని రాస్తే లక్ష లక్షలాగే ఉండిపోతుంది, వడ్డీ కనిపించదు.

బ్యాంకు ఈఎంఐ కూడా ఘాతమే. నెల వడ్డీ రేటును వ అనుకోండి, (1 + వ) ** నెలలు అనేదాన్ని క అనుకోండి. అప్పు * వ * క / (క - 1) అంటే నెల వాయిదా. 20 లక్షల ఇంటి లోను, ఏడాదికి 9 శాతం, 240 నెలలు అయితే వ = 0.0075, వాయిదా సుమారు 17,995 రూపాయలు. మొత్తం కట్టేది 43 లక్షలు దాటుతుంది.

పైసల వరకు తేడా రాకూడని అకౌంట్ల పనికి ఫ్లోట్ వద్దు. డెసిమల్ మాడ్యూల్ వాడండి. అది మామూలుగా 28 అంకెల వరకు ఖచ్చితంగా లెక్క చేస్తుంది. దానికి 1.02ను కొటేషన్లలో స్ట్రింగ్‌గా ఇవ్వాలి. కొటేషన్లు లేకుండా ఇస్తే ఫ్లోట్‌లోని తేడా కూడా వెంట వస్తుంది.

పౌకు మూడో విలువ ఎందుకు?

పౌ(భూమి, ఘాతాంకం, మ) అంటే ఘాతాన్ని మ తో భాగిస్తే వచ్చే శేషం. (భూమి ** ఘాతాంకం) % మ అని రాసినా అదే జవాబు, కానీ పడే శ్రమ వేరు. 2ను 100 కోట్ల ఘాతానికి పెంచి 10 ** 9 + 7తో భాగిస్తే శేషం ఎంత? నేరుగా చేస్తే మధ్యలో 30 కోట్ల అంకెలు దాటిన సంఖ్య తయారవుతుంది. పౌ(2, 10 ** 9, 10 ** 9 + 7) అంటే రెప్పపాటులో 140625001 వస్తుంది. ప్రతి గుణకారం తర్వాత శేషాన్నే ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది కాబట్టి సంఖ్యలు ఎప్పుడూ చిన్నవిగానే ఉంటాయి. కోడింగ్ పోటీల్లో 10 ** 9 + 7 అనే సంఖ్య మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, అది ప్రధాన సంఖ్య.

1977లో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది. అందులో ఘాతాంకంగా ఎక్కువగా వాడేది 65537, అంటే 2 ** 16 + 1. అయితే నిజమైన రహస్యాలకు పౌతో సొంతంగా రాసుకున్న కోడ్ వాడకండి. లెక్క పట్టిన సమయాన్ని బట్టి కూడా రహస్యం పసిగట్టే దాడులున్నాయి. అందుకోసం తయారైన లైబ్రరీలు వాడాలి.

పైథాన్ 3.8 నుంచి ఇక్కడ ఘాతాంకం -1 కూడా ఇవ్వచ్చు. పౌ(3, -1, 7) → 5, ఎందుకంటే 3 × 5 = 15, దాన్ని 7తో భాగిస్తే శేషం 1. అలాంటి విలోమం లేకపోతే వాల్యూ ఎర్రర్.

అంత పెద్ద ఘాతాన్ని అంత త్వరగా ఎలా లెక్కిస్తుంది?

2 ** 1000 కోసం 999 సార్లు గుణించదు. వర్గాలు చేసుకుంటూ, అవసరమైనచోట ఒకసారి భూమితో గుణిస్తూ పోతుంది. 1000ని బైనరీలో రాస్తే పది బిట్లు, అందులో ఆరు ఒకట్లు. 9 వర్గాలు, 5 గుణకారాలు, మొత్తం 14తో పని అయిపోతుంది. ఘాతాంకం బాగా పెద్దదైతే ఐదేసి బిట్లను ఒకేసారి తీసుకుని ఇంకొంత ఆదా చేస్తుంది.

ఈ ఉపాయం మన దగ్గర ఛందస్సులో పుట్టింది. పింగళుడి ఛందశ్శాస్త్రంలో, ఇన్ని అక్షరాల పాదానికి గురులఘువుల అమరికలు ఎన్ని ఉంటాయో తేల్చడానికి ఇచ్చిన సూత్రాలు ఇవే. సంఖ్య సరి అయితే సగం చేసి 2 రాయి, బేసి అయితే ఒకటి తీసేసి సున్నా రాయి. సున్నాకు చేరాక వెనక్కి రావాలి. 1తో మొదలుపెట్టి, సున్నా ఉన్నచోట రెట్టింపు చేయి, 2 ఉన్నచోట వర్గం చేయి.

20తో చేసి చూద్దాం. 20 సగం 10, సగం 5, ఒకటి తీస్తే 4, సగం 2, సగం 1, ఒకటి తీస్తే 0. రాసుకున్నవి వరుసగా 2, 2, 0, 2, 2, 0. వెనక నుంచి వస్తే 1 రెట్టింపై 2, వర్గం 4, వర్గం 16, రెట్టింపు 32, వర్గం 1024, వర్గం 1048576. పైథాన్‌లో 2 ** 20 అడగండి, అదే జవాబు. క్రీస్తుకు పూర్వం నాటి ఈ సూత్రాలను 10వ శతాబ్దంలో హలాయుధుడు తన వ్యాఖ్యానంలో విడమరిచి చెప్పాడు.

పద్యాల వృత్త సంఖ్యను ఘాతాలతో కట్టవచ్చా?

కట్టవచ్చు. నన్నడిగితే 2 ఘాతాలు నేర్చుకోవడానికి తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి అభ్యాసం లేదు. మూడక్షరాల గణాలు య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిదే ఎందుకు? 2 ** 3 కాబట్టి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, అది కృతి అనే ఛందం. అందులో సాధ్యమయ్యే వృత్తాలు 2 ** 20, అంటే 10,48,576. వాటిలో ఉత్పలమాల ఎన్నోది?

ప్రస్తారంలో, అంటే అన్ని అమరికలనూ వరుసగా రాసే పట్టికలో, అన్నీ గురువులున్నది మొదటి వృత్తం. గురువుకు 0, లఘువుకు 1 అనుకోండి. మొదటి అక్షరం స్థానం 0, తర్వాతిది 1, ఇలా 19 వరకు. లఘువు ఉన్న ప్రతిచోటా 2 ** స్థానం కూడండి, చివర 1 కలపండి.

ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ. విడదీస్తే:

గలల గలగ లలల గలల గలల గలగ లగ

లఘువులు 1, 2, 4, 6, 7, 8, 10, 11, 13, 14, 16, 18 స్థానాల్లో పడ్డాయి. కూడితే:

2 + 4 + 16 + 64 + 128 + 256 + 1024 + 2048 + 8192 + 16384 + 65536 + 262144 = 355798

ఒకటి కలిపితే 355799. లక్షణ గ్రంథాలు చెప్పే ఉత్పలమాల వృత్త సంఖ్య ఇదే. పైథాన్‌లో పై గురులఘువుల వరుసను ఖాళీలు లేకుండా స్ట్రింగ్‌గా ఇచ్చి, ఎన్యూమరేట్‌తో స్థానాలు తీసుకుని, ల ఉన్నచోట 2 ** స్థానం కూడితే చాలు, రెండు మూడు లైన్ల పని. మీ ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి: మత్తేభం (స, భ, ర, న, మ, య, వ) 298676, శార్దూలం (మ, స, జ, స, త, త, గ) 149337, చంపకమాల (న, జ, భ, జ, జ, జ, ర) 711600 రావాలి.

లిస్ట్ మొత్తాన్ని ఒకేసారి వర్గం చేయవచ్చా?

లిస్ట్‌కు నేరుగా ** 2 పెడితే టైప్ ఎర్రర్. లిస్ట్ కాంప్రహెన్షన్‌తో ఒక్కో అంశాన్నీ వర్గం చేయండి. లేదా నంపై అనే లెక్కల లైబ్రరీ వాడండి, నంపై అర్రేకు ** 2 అంటే అన్నీ ఒక్కసారిగా అవుతాయి.

కానీ నంపైలో పూర్ణ సంఖ్యలు సాధారణంగా 64 బిట్లవే. పైన చెప్పుకున్న హద్దులేనితనం అక్కడ లేదు. 2 ఉన్న అలాంటి అర్రేను ** 63 చేస్తే -9223372036854775808 వస్తుంది, ** 64 చేస్తే 0 వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. పెద్ద ఘాతాలుంటే ముందే ఫ్లోట్ అర్రే చేసుకోండి, అన్ని అంకెలూ కావాలంటే మామూలు పైథాన్ ఇంట్‌లతోనే చేయండి. పూర్ణ సంఖ్యల అర్రేకు రుణ పూర్ణ ఘాతాంకం ఇస్తే నంపై ఒప్పుకోదు, వాల్యూ ఎర్రర్ ఇస్తుంది.

ఇన్‌పుట్‌తో సంఖ్య తీసుకుని ** 2 చేస్తే టైప్ ఎర్రర్ వస్తోంది?

ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. ముందు ఇంట్‌తో గానీ ఫ్లోట్‌తో గానీ సంఖ్యగా మార్చండి. చాలామందికి తెలియని సంగతి ఒకటి: వాడేవాళ్లు ౧౨ అని తెలుగు అంకెల్లో టైప్ చేసినా ఇంట్ దాన్ని 12గా చదువుతుంది, వర్గం చేస్తే 144. కోడ్‌లో నేరుగా ౧౨ ** 2 అని రాస్తే మాత్రం సింటాక్స్ ఎర్రర్.

వేగం కోసం ** 2 బదులు రెండుసార్లు గుణించాలా?

మామూలు ప్రోగ్రామ్‌లో ఆ తేడా మీ అనుభవంలోకి రాదు, చదవడానికి ఏది బాగుంటే అది రాయండి. బహుపదులను పదేపదే లెక్కించేచోట మాత్రం ఘాతాలను పూర్తిగా తప్పించవచ్చు. 3x³ + 2x² + 5x + 7ను ((3 * x + 2) * x + 5) * x + 7 అని రాస్తే మూడు గుణకారాలు, మూడు కూడికలతో సరిపోతుంది.

వేరే భాషల్లో ఎలా?

సీలో ఘాతానికి గుర్తు లేదు, పౌ ఫంక్షన్ ఉంది, అది డబుల్ ఇస్తుంది. జావాలోనూ అంతే. ఈ రెండింటిలోనూ టోపీ గుర్తు ఎక్స్‌ఆరే. జావాస్క్రిప్ట్‌లో 2016 ప్రమాణం నుంచి రెండు నక్షత్రాలు వచ్చాయి.

ఫంక్షన్ బ్రాకెట్లలో పేరు ముందు రెండు నక్షత్రాలు కనిపించాయి. అదీ ఘాతమేనా?

కాదు. ఎడమవైపు భూమి లేకుండా పేరు ముందు వస్తే, పేర్లతో పంపిన ఆర్గ్యుమెంట్లన్నిటినీ ఒక డిక్షనరీగా తీసుకోవడమో, డిక్షనరీని విడదీసి పంపడమో చేస్తుంది. గుర్తు ఒకటే, పని వేరు.